గ్రూపు మారడం వేరు, యూనివర్సిటీ మారడం వేరు: రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకోకు

చెల్లె, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గర ఊరు, ఇంటర్ ఎంపీసీ, దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లలో) హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వచ్చింది, బీఎస్సీ మ్యాథ్స్-ఫిజిక్స్-కంప్యూటర్స్‌లో మొదటి సంవత్సరం అయిపోయింది, ఫిజిక్స్‌లో ఒక పేపర్ బ్యాక్‌లాగ్ ఉంది. ఈ మధ్య స్టాటిస్టిక్స్ మీద ఇష్టం పుట్టింది. ఇంతలో హైదరాబాద్‌లో ఉన్న మీ మేనమామ కొడుకు ఫోన్ చేసి, ఇక్కడ ప్రైవేటు యూనివర్సిటీలో నీ క్రెడిట్లు (పాసైన పేపర్లకు వచ్చే పాయింట్లు) ట్రాన్స్‌ఫర్ చేసుకుని నేరుగా సెకండియర్ డేటా సైన్స్‌లో కూర్చోబెడతారు, వచ్చేయ్ అన్నాడు. నాన్నేమో మిర్చి ఈసారి ధర పలకలేదు, పైగా చదివిన ఏడాది పోతే ఎట్ల అంటున్నాడు. నువ్వు అడిగింది మూడు ముక్కల్లో చెప్పాలంటే: గ్రూపు మార్చాలా, హైదరాబాద్ పోవాలా, ఏడాది పోతుందా.

నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతూ 22 ఏళ్లు అయింది. 2016లో దోస్త్ మొదలైన దగ్గర్నుంచి చాలా వేసవుల్లో అడ్మిషన్ల హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నాను. కొత్తగా చేరడానికి వచ్చే పిల్లలతో పాటు, చేరి ఏడాది తిరిగేలోపే "మేడం, మారొచ్చా" అని వచ్చేవాళ్లను కూడా ఏటా చూస్తున్నాను. ఇవన్నీ అటుంచి, నీ వయసులో నేనే యూనివర్సిటీ మారి దెబ్బ తిన్నదాన్ని, ఆ సంగతి కింద చెబుతాను.

ముందే నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకో. స్టాటిస్టిక్స్ వైపు పో. ఈ జూన్‌లోనే అప్పు చేసి హైదరాబాద్ మాత్రం పోవద్దు. ఈ రెండు మాటలకూ మధ్య గొడవేం లేదు, గొడవ ఉన్నట్టు నీకు అనిపించడానికి కారణం, ఏం చదవాలి అన్న ప్రశ్నను ఎక్కడ చదవాలి అన్న ప్రశ్నతో కలిపి ముడేసుకోవడమే. ఆ ముడి విప్పకపోతే కాలేజీ మీద కోపంతో సబ్జెక్టు మార్చేస్తారు, సబ్జెక్టు మీద విసుగుతో ఊరు మార్చేస్తారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇదే చేశారు.

కాబట్టి ముందు ఒక్క పని చెయ్యి. ఇదే కాలేజీలో, ఇదే హాస్టల్లో, ఇదే స్నేహితులతో ఉంటూ ఫిజిక్స్ బదులు స్టాటిస్టిక్స్ పీరియడ్ పెడితే నీకు సరిపోతుందా? సరిపోతుంది అనిపిస్తే నీ సమస్య గ్రూపు. అది పెట్టినా ఉండబుద్ధి కావడం లేదంటే సమస్య కాలేజీది, లెక్చరర్లు రాకపోవడమో, ల్యాబ్ లేకపోవడమో, హాస్టల్లో తిండో, ఇంకేదో. రెండో రకం సమస్యకు మందు వేరు, దానికి యూనివర్సిటీ దాకా పోనక్కర్లేదు, ఇదే కాకతీయ యూనివర్సిటీ కింద ఇంకో కాలేజీకి అదే గ్రూపులో మారితే తీరిపోవచ్చు. ఇద్దరు ప్రిన్సిపాళ్ల ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అక్కడ ఖాళీ సీటు, యూనివర్సిటీ అనుమతి, ఇవి కావాలి. సిలబస్ ఒకటే కాబట్టి ఏడాది పోదు.

ఇప్పుడు అసలు విషయం, సబ్జెక్టు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకు, ఎందుకంటే అందరూ ఫీజు గురించీ ప్లేస్‌మెంట్ గురించీ వంద అడుగుతారు, ఆ సబ్జెక్టు మూడో సంవత్సరంలో ఎలా ఉంటుందో ఒక్కరూ అడగరు.

మీ నాన్న ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెస్తాడు అని రాశావు. అక్కడ ఎప్పుడైనా నిలబడి చూశావా? వ్యాపారి లాట్‌లో ఉన్న బస్తాలన్నీ విప్పడు. నాలుగైదు విప్పి, చేతిలోకి తీసుకుని, రంగు చూసి, తేమ చూసి, మొత్తం లాట్‌కు ధర కడతాడు. ఆ నాలుగు బస్తాలు ఎవరు ఎంచారు? పైనున్నవే విప్పాడా, అడుగున ఉన్నవి కూడానా? నాలుగు సరిపోతాయా, పది విప్పితే ధర మారేదా? తాలు కాయ ఒక్క బస్తాలో ఉండి అదే విప్పిన వాటిలో పడితే మీ నాన్నకు ఎంత నష్టం? స్టాటిస్టిక్స్ అంటే ఇదే, కొంచెం చూసి మొత్తం గురించి ఎంత నమ్మకంగా చెప్పవచ్చో లెక్కగట్టడం. ఈ ప్రశ్న చదువుతుంటే నీ బుర్ర దానంతటదే లెక్కలు వేయడం మొదలుపెడితే నీకు ఈ సబ్జెక్టు పడుతుంది. అలా కాకుండా "డేటా సైన్స్" అన్న పేరు బాగుంది, జీతాలు బాగున్నాయట అన్న మాట దగ్గరే ఆగిపోతే ఇంకొంచెం ఆగి చూడు.

చూడటం అంటే ఎలా అంటావా. బీఎస్సీ స్టాటిస్టిక్స్‌లో మొదటి రెండు సెమిస్టర్లు సంభావ్యత, డిస్ట్రిబ్యూషన్లు, ఇవి ఇంటర్ ఎంపీసీ వాళ్లకు తేలిగ్గానే పోతాయి, ఇంటర్లో చదివిన ప్రాబబిలిటీయే కదా అనిపిస్తుంది. అసలు రుచి తెలిసేది మూడు, నాలుగు సెమిస్టర్లలో, ఎస్టిమేషన్, ఇన్ఫరెన్స్ వచ్చినప్పుడు. మా క్లాసులో మొదటి ఏడాది టాపర్లు కొందరు అక్కడే డీలా పడ్డారు, మొదట్లో మామూలుగా ఉన్న పిల్లలు కొందరు అక్కడే వెలిగారు. అందుకని యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి నాలుగో సెమిస్టర్ సిలబస్ దింపుకో, సీనియర్ల దగ్గర పాత ప్రశ్నపత్రాలు రెండు తీసుకో, వారం రోజులు ఆ పాఠాలు యూట్యూబ్‌లోనో, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లోనో విని ఒక ప్రశ్నపత్రం ముందు కూర్చో. ఒక్క లెక్క కూడా రాకపోవచ్చు, పర్వాలేదు. రాకపోయినా మళ్లీ ప్రయత్నించాలని ఉందా, పుస్తకం మూసేయాలని ఉందా, అది గమనించు. అలాగే నీ కంప్యూటర్స్ సబ్జెక్టు ఐదో సెమిస్టర్ పేపర్‌తోనూ చెయ్యి, పోల్చుకోవడానికి.

ఫిజిక్స్ బ్యాక్‌లాగ్ గురించి కూడా ఒక మాట. ఆ పేపర్ పోయింది కాబట్టి ఫిజిక్స్ నాకు రాదు, కాబట్టి గ్రూపు తప్పు అని నువ్వు ఒక గొలుసు కట్టుకున్నావు. ఆ సెమిస్టర్‌లో ఫిజిక్స్ క్లాసులు ఎన్ని జరిగాయి? జరిగినవాటిలో నువ్వు ఎన్ని కూర్చున్నావు? క్లాసులే సరిగ్గా జరగకపోతే ఆ మార్కులు నీ గురించి ఏమీ చెప్పవు. ఏదైనా సరే ఆ పేపర్ ముందు క్లియర్ చెయ్యి. నువ్వు ఉన్నా, మారినా, ఎక్కడికి పోయినా మొదట అడిగేది మార్కుల మెమోలే, అందులో ఫెయిల్ కనపడితే మాట అక్కడే ఆగిపోతుంది.

ఇక మారడం. మన చదువుల్లో మారడానికి వీలుగా ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి, లేని చోట్లు కొన్ని ఉన్నాయి. స్టేజీ దగ్గర బస్సు ఆగినప్పుడు దిగడానికీ, నడుస్తున్న బస్సులోంచి దూకడానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. ఇంటర్ తర్వాత దోస్త్ ఒక స్టేజీ. దోస్త్‌లోనే చివర్లో ఇంట్రా కాలేజ్ అని ఒక అవకాశం ఇస్తారు, అదే కాలేజీలో గ్రూపు మార్చుకోవడానికి, అది నీకు మొదటి ఏడాది మొదట్లో వచ్చి ఉంటుంది, ఎవరూ చెప్పలేదేమో, ఇప్పుడు దాటిపోయింది. డిగ్రీ తర్వాత పీజీ పెద్ద స్టేజీ: మన రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ ప్రవేశ పరీక్ష, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్, ఆ జామ్ స్కోరుతోనే సీసీఎంఎన్ కౌన్సెలింగ్‌లో ఎన్‌ఐటీల ఎంఎస్సీ సీట్లు, మన వరంగల్ ఎన్‌ఐటీ అప్లైడ్ మ్యాథ్స్ కూడా అందులోదే. ఎన్‌ఐటీల్లో ఎంసీఏకు నిమ్‌సెట్ ఉంది, డిగ్రీలో మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఉండి 60 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 55. చివరికి ఇంజనీరింగే కావాలనిపించినా బీఎస్సీ మ్యాథ్స్ వాళ్లకు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది, చాలామంది ఈసెట్ పాలిటెక్నిక్ వాళ్లకే అనుకుంటారు. ఈ చోట్లలో మారితే నీ వెనక చదువు ఏదీ పోదు, ఫీజు గొడవ తక్కువ, ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు, ర్యాంకు వస్తే సీటు వస్తుంది.

మధ్యలో, అంటే మొదటి సంవత్సరం అయ్యాక రెండో సంవత్సరంలోకి, ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో దానిలోకి, పైగా గ్రూపు కూడా మార్చి పోవడం దూకడమే. కుదరదని అనను, కుదిరినవాళ్లు ఉన్నారు. కుదిరిన ప్రతి చోటా చేర్చుకునేవాళ్లు ముందే కాగితం మీద రాసి ఇచ్చారు, నా అనుభవంలో తేడా అంతా అక్కడే వచ్చింది.

నా సంగతి చెబుతాను. 1997లో ఇక్కడ డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తిచేసి, మా అక్క కాపురం హైదరాబాద్‌లో కాబట్టి అక్కడ ఉండి చదువుకోవచ్చని వేరే యూనివర్సిటీ కింద ఒక కాలేజీకి మారాను. అప్పుడు సెమిస్టర్లు లేవు, ఏడాదికోసారి పరీక్షలు. ఆఫీసులో కూర్చున్న ఆయన నా మెమో చూసి "ఏం కాదమ్మా, గ్రూపు అదే కదా, రెండో సంవత్సరంలో కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. రెండో సంవత్సరం బాగానే గడిచింది. మూడో సంవత్సరం పరీక్ష ఫీజు కట్టేటప్పుడు యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది, ఈక్వివలెన్స్ లేదు, అంటే రెండు చోట్ల పేపర్లు సమానం కావు అని. నేను పాత చోట మొదటి ఏడాది చదివిన ఒక పేపర్ కొత్త చోట రెండో ఏడాదిది, దాన్ని రెండోసారి కూడా చదివేశాను. కొత్త చోటి మొదటి ఏడాది పేపర్ మాత్రం అసలు ముట్టుకోనే లేదు. ఫైనల్ పరీక్షలతో కలిపి అది రాయాల్సి వచ్చింది, ఫలితం ఆలస్యమైంది, చేతిలో డిగ్రీ మెమో లేక ఆ ఏడాది పీజీ అడ్మిషన్ పోయింది. ఇంట్లో కూర్చున్న ఆ ఏడాదిలో నాకు మూడు సంబంధాలు చూశారు. మా నాన్న గట్టిగా నిలబడ్డాడు కాబట్టి చదువు సాగింది, అందరి ఇళ్లలో అలా నిలబడే మనిషి ఉండకపోవచ్చు. నోటిమాట మీద ఏడాది పెట్టొద్దని నేను ప్రతి పిల్లకూ చెప్పడం అందుకే.

ఇందులో ఒక సంగతి ఉంది. మారేటప్పుడు అందరూ పాత కాలేజీ టీసీ ఇస్తుందా లేదా అని టెన్షన్ పడతారు. అసలు నిర్ణయం కొత్తచోటి వాళ్లది. మన పక్కనే ఉదాహరణ ఉంది. 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థుల్ని బయటికి పంపేస్తే, నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. మీ నర్సంపేట పక్క లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు గారు ఆ రోజుల్లో నాగపూర్‌లో చదివినవారే. ఇక్కడ తలుపు మూసినా అక్కడ తెరిచారు కాబట్టి వాళ్ల చదువులు నిలిచాయి. నీ విషయంలో కూడా అక్కడ తలుపు నిజంగా తెరిచి ఉందా లేదా అన్నదే చూడాలి, మీ బావ మాట మీద కాకుండా వాళ్ల రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం మీద.

"క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయి" అన్న మాటను కొంచెం విడదీసి చెబుతాను, ఇప్పుడు అందరి నోటా ఇదే. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని యూజీసీ 2021లో నిబంధనలు తెచ్చింది. నువ్వు పాసైన కోర్సుల క్రెడిట్లు నీ పేరు మీద డిజిటల్ ఖాతాలో జమ అవుతాయి, ఏడేళ్ల వరకు చెల్లుతాయి. మంచి ఏర్పాటే. అయితే బ్యాంకులో డబ్బు ఉన్నంత మాత్రాన దుకాణం వాడు నీకు కావలసిన సరుకు ఇవ్వాలని లేదు కదా. నీ ఖాతాలో ఫిజిక్స్ క్రెడిట్లు ఉన్నాయి, వాళ్ల డేటా సైన్స్ కోర్సు మొదటి ఏడాదిలో ఫిజిక్సే లేకపోతే వాటిని దేనికింద జమ కడతారు? ఏ పేపర్‌కు ఏ పేపర్ సమానమో తేల్చేది వాళ్ల బోర్డ్ ఆఫ్ స్టడీస్, అంటే సిలబస్ నిర్ణయించే కమిటీ. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న నియమం కూడా ఉంది, అది నీకు అడ్డం కాదులే, రెండేళ్లు అక్కడే చదువుతావు కాబట్టి. నీకు అడ్డం వచ్చేది పేపర్ల సరిపోలికే.

కాబట్టి మీ బావను ఇది అడగమను: నీ రెండు సెమిస్టర్ల మెమోలు, ప్రిన్సిపాల్ సంతకంతో సిలబస్ కాపీలు వాళ్లకు పంపితే, ఏ పేపర్లు ఒప్పుకున్నారు, ఏవి మళ్లీ రాయాలి, ఏ సెమిస్టర్‌లో కూర్చోబెడతారు, మొత్తం ఫీజు ఎంత, ఇవి లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ఇస్తారా అని. ఇస్తామంటే అప్పుడు మాట్లాడుకుందాం. "ముందు అడ్మిషన్ ఫీజు కట్టండి, తర్వాత చూసుకుందాం" అంటే అక్కడితో వదిలెయ్. ఆ కాగితం చేతికి రాకముందు ఇక్కడ టీసీ గానీ, యూనివర్సిటీ వదిలి పోవడానికి ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ గానీ తీసుకోవద్దు. మైగ్రేషన్ తీసుకున్నాక తిరిగి ఇక్కడే చేరాలంటే మళ్లీ ఒక పెద్ద తిరుగుడు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి కూడా తెలుసుకో. పిల్లల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు, ఆ డబ్బు నువ్వు కట్టి తీసుకుపో అనే కాలేజీలు ఉన్నాయి, మన జిల్లాల్లో ఇది తెలియని ఇల్లు లేదు. గొడవకు దిగకుండా మొదట రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. ఆ కాపీ ఉంటే యూనివర్సిటీలో అడగడానికి నీకు ఆధారం ఉంటుంది.

ఫీజు విషయం దాచకుండా చెప్పాలి. నీ చదువు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తోంది. రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టే ఈపాస్ వెబ్‌సైట్‌లో నీ పాత వివరాలన్నీ ఉంటాయి, మొదటి సంవత్సరానికి ఒకసారి తీసుకున్నాక వేరే గ్రూపులో మళ్లీ మొదటి సంవత్సరం అంటే ఆ ఏడాదికి రాదనుకునే లెక్క వేసుకోవాలి. ప్రైవేటు యూనివర్సిటీలో ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోవద్దు. వాళ్లు ఇస్తామనే స్కాలర్‌షిప్ వేరు, చాలాసార్లు దాన్ని ప్రతి సెమిస్టర్ మార్కులతో ముడిపెడతారు, ఒక్క సెమిస్టర్ తగ్గితే మొత్తం ఫీజు మీద పడుతుంది. ఆ షరతు కూడా రాసివ్వమను. హాస్టల్, తిండి, బస్ పాస్, పండక్కి రానూపోనూ, ఇవన్నీ కలిపి రెండేళ్లకు ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి, అది మీ నాన్నకు ఎన్ని క్వింటాళ్ల మిర్చో పక్కన రాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ లెక్క మీ ఇద్దరి ముందూ ఉంటే మాటలు సూటిగా నడుస్తాయి.

ఇప్పుడు నీ ముందున్న దారులు చెబుతాను, నా ఇష్టం ఏదో కూడా దాచను.

మొదట అడగాల్సింది మీ కాలేజీలోనే. అక్కడ మ్యాథ్స్-స్టాటిస్టిక్స్-కంప్యూటర్స్ గ్రూపు ఉందా? ఉంటే, నీకు మ్యాథ్స్, కంప్యూటర్స్, లాంగ్వేజీలు అన్నీ ఒకటే, తేడా ఫిజిక్స్ ఒక్కటే. స్టాటిస్టిక్స్ మొదటి రెండు సెమిస్టర్ల పేపర్లు అదనంగా రాస్తాను, గ్రూపు మార్చడానికి అనుమతి ఇవ్వండి అని ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టు. ఇది నీ హక్కేం కాదు, ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. మూడో సెమిస్టర్ మొదలవకముందే పెట్టాలి, ఆగస్టులో పెడితే చదివేవాళ్లు కూడా ఉండరు. కాదన్నా సరే ఆ సమాధానం కాగితం మీద తీసుకో, ఆ ఒక్క కాగితం వల్ల మనసు కుదుటపడుతుంది.

వాళ్లు కాదంటే, నా సలహా ఉన్న గ్రూపులోనే డిగ్రీ పూర్తి చెయ్యడం. ఎందుకంటే స్టాటిస్టిక్స్‌కు వెన్నెముక గణితమే, అది నీ చేతిలో ఉంది. సి.ఆర్. రావు గారి పేరు వినే ఉంటావు, ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్లూ క్రేమర్-రావు అసమానత చదవాల్సిందే. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది గణితం. అది పూర్తిచేసుకుని, ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి చేరారు, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి స్టాటిస్టిక్స్‌లో ఎంఏ తీసుకున్నారు. మధ్యలో వదిలేయలేదు చూడు, ఒకటి ముగించి ఇంకోదానిలోకి వెళ్లారు, ఆ గణితమే తర్వాత ఆయనకు జీవితాంతం పనికొచ్చింది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ లేకపోతే ఎంఎస్సీ స్టాటిస్టిక్స్‌కు కొన్ని చోట్ల అర్హత ఉండదు, కొన్ని చోట్ల గణితం ఉంటే చాలంటారు. ప్రతి సంస్థా తన నోటిఫికేషన్‌లో అర్హత పట్టిక ఇస్తుంది, ఒక ఆదివారం కూర్చుని సీపీగెట్, సీయూఈటీ పీజీ, జామ్ మూడింటివీ తెరిచి నీకు తెరుచుకునే కోర్సుల పేర్లు రాసుకో. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదంటే పీజీ అందులో చేసి ఉండాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్‌కు మాత్రం ఇంటర్ గణితంలో 60 శాతం ఉన్నా చాలు, ఏ డిగ్రీ అయినా సరే. నీకు నచ్చింది ఎకనామిక్స్ వైపు స్టాటిస్టిక్స్ అయితే ఇంకా సులువు, ఎంఏలో చాలా సబ్జెక్టులకు డిగ్రీలో ఏ గ్రూపు ఉన్నా సీపీగెట్ రాయొచ్చు, గణితం వచ్చిన పిల్లలకు ఎకనామిక్స్ పీజీలో పైచేయి ఉంటుంది.

ఈ రెండేళ్లూ స్టాటిస్టిక్స్ లేకుండా ఎలా అంటే, ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ ఉంది, 2020లో మొదలైంది. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పాసైతే చేర్చుకుంటారు, పాఠాలు ఇంటి దగ్గరే, పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. మొదటి దశలోనే స్టాటిస్టిక్స్ రెండు కోర్సులు, మ్యాథ్స్ రెండు, పైథాన్ ఉంటాయి. మధ్యలో ఆపాల్సి వచ్చినా దశను బట్టి సర్టిఫికెటో డిప్లొమానో చేతికి వస్తుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టీ, సామాజిక వర్గాన్ని బట్టీ ఫీజు రాయితీ ఉంది, అది చూసుకున్నాకే చేరు. రెగ్యులర్ డిగ్రీతో పాటు ఆన్‌లైన్‌లో ఇంకో డిగ్రీ చదవడానికి 2022 నుంచి యూజీసీ అనుమతి ఉంది. బరువైన పనే, వారానికి చాలా గంటలు అడుగుతుంది, మా పిల్లలు కొందరు మొదలుపెట్టి వదిలేశారు కూడా. అయినా నీకు స్టాటిస్టిక్స్ మీద ఉన్నది నిజమైన ఇష్టమో కాదో తేల్చడానికి క్వాలిఫయర్ ఒక్కటి చాలు.

మూడో దారి, దోస్త్‌లో మళ్లీ మొదటి సంవత్సరం నుంచి స్టాటిస్టిక్స్ గ్రూపు. పైన చెప్పిన పరీక్షలన్నీ పెట్టుకున్నాక కూడా ఇదే నా సబ్జెక్టు అని తేలి, గ్రూపు మార్పుకు అనుమతి రాకపోతే, ఇది చెడ్డ దారేం కాదు. చేస్తే మాత్రం ప్రభుత్వ కాలేజీలో చెయ్యి, ఫీజు తక్కువ, రీయింబర్స్‌మెంట్ లేకున్నా ఆ ఏడాది మొయ్యగలరు. హన్మకొండలోనే ఉంటావు, ఖర్చు తెలిసిన ఖర్చే. ఒక ఏడాది పోవడం పెద్ద విషయంలా నీకు 19 ఏళ్లకు కనిపిస్తుంది, నాకు అప్పుడు కనిపించింది. తెలిసి, లెక్కవేసుకుని ఇచ్చిన ఏడాదికీ, ఎవరో ఆఫీసులో చెప్పిన మాట నమ్మి పోగొట్టుకున్న ఏడాదికీ చాలా తేడా ఉంటుంది, మొదటిది బాధ పెట్టదు.

హైదరాబాద్ వెళ్లి మధ్యలో చేరడం నా లెక్కలో చివరిది. కాజీపేట నుంచి రైలెక్కితే సికింద్రాబాద్ ఎంత దూరం, పీజీకి వెళ్దువు, అప్పుడు ర్యాంకుతో వెళ్తావు, హాస్టల్ సీటు వస్తే ఖర్చూ తక్కువ. డేటా సైన్స్ అని బోర్డు పెట్టిన ప్రతిచోటా అది చెప్పేవాళ్లు ఉంటారనుకోవద్దు కూడా. వెళ్లి చూడాలనిపిస్తే ఒక మామూలు పనిదినం వెళ్లు, ఓపెన్ డే రోజు కాదు, రెండో సంవత్సరం టైమ్‌టేబుల్ ఫొటో తీసుకో, స్టాటిస్టిక్స్ ఎవరు చెబుతున్నారో, ఆయన చదివింది ఏమిటో, పోయిన సెమిస్టర్ ఎవరు చెప్పారో క్లాసు పిల్లల్నే అడుగు. క్యాంటీన్ దగ్గర పావుగంట నిలబడితే బ్రోచర్‌లో లేనివన్నీ తెలుస్తాయి. మన హన్మకొండ కాలేజీల్లోనూ ఇదే అడగాలి, ఇక్కడా కొత్త పేర్లతో గ్రూపులు పెట్టి పాత లెక్చరర్లతోనే నడిపే చోట్లు ఉన్నాయి.

ఒక సందర్భంలో మాత్రం నా మాట పక్కన పెట్టి వెంటనే మారు. అక్కడ ఉండటం నీకు క్షేమంగా లేకపోతే, ఎవరైనా వేధిస్తుంటే, రోజూ ఏడుస్తూ క్లాసుకు పోతుంటే. అప్పుడు ఏడాది లెక్కలు, క్రెడిట్ల లెక్కలు చూడొద్దు, ముందు ఇంటికి వచ్చెయ్, ఇంట్లో చెప్పు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. నువ్వు అలాంటిదేం రాయలేదు, అయినా ఆడపిల్లలు కొన్ని రాయరు కాబట్టి చెబుతున్నాను.

మీ నాన్నతో మాట్లాడేటప్పుడు "నాకు ఈ గ్రూపు నచ్చలేదు" అని మొదలుపెట్టకు. నచ్చలేదు అన్న మాట వినగానే పెద్దవాళ్లకు చదువే నచ్చలేదేమో అన్న భయం పట్టుకుంటుంది, ఆ తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు. ఆ మిర్చి బస్తాల లెక్క చెప్పు, నాలుగు బస్తాలు విప్పి ధర కట్టడం న్యాయమేనా నాన్నా అని అడుగు. ఆయన ఇన్నేళ్లుగా ఆ యార్డులో నిలబడ్డ మనిషి, నీకంటే బాగా చెబుతాడు. నేను చదవాలనుకునేది ఇదే అని అప్పుడు చెప్పు. ఖర్చు కాగితం ఆ తర్వాత ముందు పెట్టు.

ఈ వారంలో చేయాల్సినవి: ఫిజిక్స్ సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో చూసి కట్టెయ్, ప్రిన్సిపాల్‌కు గ్రూపు మార్పు దరఖాస్తు రెండు కాపీలు రాసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకో, మీ బావకు ఆ లెటర్‌హెడ్ కాగితం సంగతి చెప్పు. హన్మకొండలో బీసీ సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి, మీది వేరే వర్గమైతే ఆ శాఖకు, మళ్లీ మొదటి సంవత్సరం చేరితే నీ ఈపాస్ పరిస్థితి ఏమిటో నీ నంబరు చూపించి అడుగు. ఆ దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే నువ్వు రాసిన చిత్తుప్రతి ఇక్కడ పెట్టు, పేరూ హాల్‌టికెట్ నంబరూ తీసేసి, దిద్ది ఇస్తాను.